అరబ్బీకి చోటున్నదట, తెలుగుకు లేదట!

హోసూరు నుంచి బెంగళూరుకు పోయే పెద్దరోడ్డు మీద అత్తిబెలె, చందాపురం దాటగానే బొమ్మసంద్ర పారిశ్రామికవాడ వస్తుంది. సరిహద్దు తాలూకాల్లోని మన తెలుగు ఇళ్ళలో ఆ పేరు వినని ఇల్లు అరుదు. మన పిల్లలు ఎందరో అక్కడి కార్ఖానాలలో షిఫ్టు పనులు చేస్తున్నారు. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం ఆర్.వి. రోడ్డు నుంచి అక్కడిదాకా వచ్చిన తరువాత బెంగళూరు మరింత దగ్గరయింది. అక్కడ మందులు తయారవుతాయి, యంత్రభాగాలు తయారవుతాయి. సరుకులకు అంటించే లేబుళ్ళు కూడా అక్కడ అచ్చవుతాయి. ఆ లేబుళ్ళను గురించే ఈ వ్యాసం. న్యాయవాదికి లేబుళ్ళతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. నేనూ ఆ రోజుదాకా అలాగే అనుకున్నాను.

బాగలూరు వైపు ఒక పల్లెలో మా చిన్నమ్మా, ఆమె కూతురూ మరికొందరు ఆడవాళ్ళను కూడగట్టుకొని చెనిక్కాయల పొడి, మామిడికాయ ఊరగాయ చేసి అమ్ముతున్నారు. సంతలో పొట్లాలు కట్టి అమ్మినంతకాలం లేబులుతో పని లేకపోయింది. దుకాణాలలో పెట్టాలంటే పదార్థం పేరు, అందులో కలిపిన దినుసులు, నికర బరువు, ధర, తయారైన తేదీ, తయారుచేసినవారి చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య, ఇవన్నీ ఉన్న లేబులు కావాలి. అది చట్టం. మంచి చట్టమే. “నువ్వు లాయరువి కదా నాయినా, తోడు రా” అని చిన్నమ్మ అడిగితే బొమ్మసంద్రలోని ఒక లేబుళ్ళ అచ్చుకూటానికి వెంట వెళ్ళాను.

యజమాని మన తెలుగువాడే. మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, మాదిరి లేబుళ్ళ చుట్టలు చూపించాడు. మా చెల్లెలు తెలుగులో రాసుకొని వచ్చిన కాగితం చూసి నవ్వాడు. “తెలుగెందుకమ్మా? ఇంగ్లీషులో వేస్తే ఎక్కడైనా పోతుంది. తెలుగు వేస్తే పల్లెటూరి సరుకంటారు” అన్నాడు. పక్కనే కంప్యూటరు ముందున్న డిజైను కుర్రవాడు, చోటు కూడా చాలదని వంత పాడాడు. జవాబు చెప్పబోతూ అతని వెనక బల్లవైపు చూశాను. గల్ఫు దేశాలకు పోయే మసాలాపొడి లేబుళ్ళ చుట్ట ఒకటి అక్కడున్నది. అరచేయంత లేబులు. దాని మీద ఇంగ్లీషు ఉన్నది, హిందీ ఉన్నది, కుడి నుంచి ఎడమకు చక్కగా తీర్చిన అరబ్బీ కూడా ఉన్నది. అరబ్బీకి చోటెక్కడి నుంచి వచ్చిందని అడిగాను.

“అది లేకపోతే అక్కడ సరుకు దిగనివ్వరు సార్” అన్నాడు యజమాని.

మొత్తం రహస్యం ఆ ఒక్క మాటలో ఉన్నది. దిగనివ్వరు కనుక చోటు దొరికింది. దిగనిచ్చేవాడి భాషకు చోటెందుకు? ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాష మనది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. అందులో తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది రోజూ సబ్బు కొంటారు, నూనె కొంటారు, పసిబిడ్డకు దగ్గుమందు కొంటారు. డబ్బు అందరితో సమానంగా చెల్లిస్తారు. చెల్లించిన డబ్బుకు లోపల ఏమున్నదో చదువుకొనే భాగ్యం మాత్రం వారికి లేదు.

చోటు లేదు, ఖర్చవుతుంది అనే రెండు సాకులను నేను చాలాకాలం నమ్మాను. అచ్చుయంత్రం పక్కన గంటసేపు నిలబడిన తరువాత ఆ నమ్మకం పోయింది. మీరు కూడా నమ్మకుండా ఉండాలని కొంచెం వివరంగా రాస్తున్నాను. లేబుళ్ళను ఎక్కువ సంఖ్యలో అచ్చువేసే యంత్రాలలో రంగుకొక ప్లేటు ఉంటుంది. నీలం, ఎరుపు, పసుపు, నలుపు. బొమ్మలకూ వన్నెలకూ నాలుగూ కావాలి. దినుసుల పట్టిక, వాడే విధానం, హెచ్చరికలు వంటి చిన్న అక్షరాలను మామూలుగా నల్ల ప్లేటులోనే పెడతారు. అందులో నాలుగు తెలుగు వాక్యాలు చేర్చినంత మాత్రాన అయిదో ప్లేటు అక్కరలేదు. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు భాషలో వేరే లేబులు కావాలనుకున్నా, మిగిలిన మూడు ప్లేట్లూ అలాగే ఉంచి నల్లదాన్ని ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. ఇది అచ్చుపనివారికి నిత్యం అలవాటైన పని. మా చెల్లెలివంటి వారికి కావలసిన కొద్దిపాటి లేబుళ్ళకయితే డిజిటల్ యంత్రాలున్నాయి, వాటికి ప్లేటే అక్కరలేదు. ధర, తేదీ, బ్యాచి సంఖ్య సరుకును ప్యాకింగు చేసేటప్పుడు కొట్టే అంకెలు, వాటికి భాషతో పేచీ లేదు. లక్షలకొద్దీ లేబుళ్ళు కొట్టించే కంపెనీలు ఒక్క నల్ల ప్లేటు ఖర్చును భరించలేవంటే నమ్మడానికి మనం పాలు తాగే పిల్లలమా?

ఖర్చు కన్న నిజమైన కష్టం మరొకటున్నది. అది వారం తరువాత ప్రూఫు చేతికి వచ్చినప్పుడు తెలిసింది.

అంతకుముందు మా ఇంట్లో ఒక చిన్న మహాసభ జరిగింది. వేరుశెనగ అనాలా, పల్లీ అనాలా, చెనిక్కాయ అనాలా? గుంటూరువాడికి ఒకటి, కరీంనగరంవాడికి ఒకటి, మనకొకటి. తెల్లగడ్డలు అంటే కోస్తావారికి తెలుస్తుందా? చిన్నమ్మ పట్టు వదలలేదు. తాను చేసేది చెనిక్కాయల పొడి, దానికి మరో పేరు లేదు. చివరకు ముందువైపు పెద్ద అక్షరాలతో ఆ పేరే పెట్టి, దినుసుల పట్టికలో మాత్రం ‘వేరుశెనగ’, ‘వెల్లుల్లి’ అని రాయాలని తీర్మానించాము. వేరుశెనగ పడనివారు ఉంటారు. ఈ పొడిలో అది ఉన్నదని ప్రత్యేకంగా చెప్పి తీరాలని కూడా నియమమున్నది. సరిహద్దు తెలుగు తెలుగే కాదని అనేవారికి జవాబుగా ఆ ముందువైపు పేరు ఒక్కటి చాలునని నాకనిపించింది.

ప్రూఫులో ఏమున్నది? ‘చెనిక్‌కాయల పొడి’ అనీ, ‘వెల్‌లుల్‌లి’ అనీ ఉన్నది. ఒత్తులు ఊడిపోయి, అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి అనాథలవలె నిలబడ్డాయి. చిన్నమ్మ కళ్ళద్దాలు తుడుచుకొని రెండుసార్లు చూసింది. “ఇది నేను చేసిన పొడేనా నాయినా? నాకే చదవను రాలేదు” అన్నది.

డిజైను కుర్రవాడి తప్పు కాదు. అతనికి తెలుగు చదవడం రాదు. యూనికోడు తెలుగును తెచ్చి, భారతీయ లిపులను కూర్చే ఏర్పాటును ఎంచుకోకుండా తన సాఫ్టువేరులో అతికించాడు. అక్షరాలు విడిపోయాయి. ఆ ఏర్పాటు మార్చితే అరనిమిషంలో అన్నీ సర్దుకున్నాయి. యూనికోడులో తెలుగుకు 1991 నుంచే స్థానమున్నది. మండలి, గిడుగు, సురవరం, మల్లన్న, రామభద్ర వంటి ఖతులు ఎవరైనా ఉచితంగా దించుకొని వాడుకోవచ్చు. పనిముట్లు లేవని ఎవరూ అనలేరు. అడిగేవాడు లేకనే అవి కంప్యూటర్లలోకి ఎక్కలేదు.

లేబులు వేయించుకోదలచిన సోదరీమణులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన లిపిలో గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. ముదురు రంగు మీద తెల్లని సన్న అక్షరాలు వేయిస్తే సిరా పాకి ఒత్తులు పూడిపోతాయి. లేతరంగు మీద నల్లని అక్షరాలు, నగిషీలు లేని ఖతి మేలు. ప్లేటుకు పంపేముందు అక్షరాలను బొమ్మలుగా మార్చేస్తారు, ఆ తరువాత ఒక్క ఒత్తును దిద్దాలన్నా మళ్ళీ మొదటికి రావలసిందే. కనుక మార్చకముందే తెలుగు చదివే మనిషి ఒకరు ప్రూఫును అక్షరం అక్షరం చదివి సంతకం చేయాలి. ఆ పని అచ్చుకూటానికి వదలవద్దు.

ఇక చట్టం సంగతి. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలను తీయండి. 1977 నాటి తూనికలు కొలతల పొట్లపు సరుకుల నిబంధనలను తీయండి. వాటి స్థానంలో వచ్చిన 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలను తీయండి. 2020 నాటి ఆహార లేబులింగు నియమాలను తీయండి. ప్రభుత్వాలు మారాయి, చట్టాల పేర్లు మారాయి, ఒక వాక్యపు సారం మాత్రం చెక్కుచెదరలేదు. వివరాలు ఇంగ్లీషులోగానీ, దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఉండాలి. మరే భాషనైనా అదనంగా వాడుకోవడానికి అడ్డు లేదు. అడ్డు లేదట! మన పెరటిలో మనం తిరగడానికి అడ్డు లేదని పొరుగువాడు అనుమతిపత్రం రాసిచ్చినట్టున్నది. అడ్డు లేకపోవడం హక్కు కాదు. అది కంపెనీకి ఇచ్చిన స్వేచ్ఛ, కొనుగోలుదారుకు ఇచ్చినది ఏమీ లేదు. అదే చట్టసభ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధరలను గురించి తెలుసుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉన్నదని రాసింది. చదవలేని భాషలో తెలియజేయడం తెలియజేయడమెలా అవుతుందో ఆ చట్టం రాసినవారే చెప్పాలి.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మా మామ అరఎకరం టమోటా తోటలో చూశాను. ఆయన హోసూరు ప్రాంతంలోని తెలుగు బడిలో చదువుకున్నాడు, తెలుగు తప్పుల్లేకుండా చదువుతాడు, తమిళం మాట్లాడతాడుగానీ చదవలేడు. ఆకుమచ్చకు మందు కావాలని దుకాణంలో అడిగాడు. రద్దీలో కుర్రవాడు కలుపుమందు సీసా తీసి ఇచ్చాడు. సీసా మీద ఇంగ్లీషు ఉన్నది, హిందీ ఉన్నది, తమిళం ఉన్నది. లోపల ఉండవలసిన కరపత్రంలో ఎన్నో భాషలతోపాటు తెలుగు కూడా ఆవగింజంత అక్షరాలతో ఉంటుంది. ఆ కరపత్రం సీసా వెంట ఆయన చేతికి రాలేదు. తెల్లవారుజామున పిచికారీ చేశాడు. కొద్దిరోజులలో ఆకులు మెలితిరిగాయి, తరువాత తోటే పోయింది. డబ్బు నష్టం సరే. సీసా మీది పేరును చదువుకోలేకపోయానని ఆ మనిషి సిగ్గుపడ్డాడు! సిగ్గుపడవలసినవారు వేరే ఉన్నారు.

ఆ కేసు కోసమే నేను 1971 నాటి కీటకనాశినుల నిబంధనలను మళ్ళీ చదివాను. విషపు మందు లేబులు, కరపత్రమూ హిందీ, ఇంగ్లీషులతోపాటు ఆ సరుకును నిల్వచేసే, అమ్మే ప్రాంతంలో వాడుకలో ఉన్న ‘ఒకటి లేదా రెండు’ ప్రాంతీయ భాషలలో అచ్చువేయాలని అందులో ఉన్నది. పాఠకులు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలని కోరుతున్నాను. రాష్ట్ర భాష అనలేదు, ప్రాంతంలో వాడుకలో ఉన్న భాష అన్నది. ఒకటి అని ఊరుకోలేదు, రెండు అని కూడా అన్నది. హోసూరులో, డెంకణికోటలో, బాగేపల్లిలో, ముళబాగిలులో ఆ రెండవ భాష ఏదో నేను చెప్పనక్కరలేదు. ‘లేదా’ అన్న మాటను అడ్డుపెట్టుకొని కంపెనీలు ఒకదానితో సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోనివ్వకుండా అడగడం మన పని. అంటే 1971లోనే ఈ దేశపు చట్టం ఒక సూత్రాన్ని ఒప్పుకున్నది. సరుకు ఎక్కడ అమ్ముతారో అక్కడి మనుషుల భాష సరుకు మీద ఉండాలి. పురుగుమందుకు వర్తించిన న్యాయం బిడ్డ దగ్గుమందుకు ఎందుకు వర్తించదు? 2003 నాటి పొగాకు చట్టంలో ఇంకొక తమాషా ఉన్నది. పెట్టె మీద ఏ భాష వాడితే ఆ భాషలో హెచ్చరిక వేయాలి. కనుక తెలుగువాడికి సిగరెట్లు అమ్ముకుంటూనే పెట్టె మీద తెలుగు అక్షరం లేకుండా చూసుకుంటే తెలుగులో హెచ్చరించే బాధ్యత కూడా తప్పుతుంది.

ఇది ఎక్కడా లేని గొంతెమ్మ కోరిక అని అనేవారికి ఫిన్లాండును చూపిస్తాను. అక్కడ స్వీడిష్ మాతృభాషగా ఉన్నవారు మూడు లక్షల లోపు, జనాభాలో సుమారు 5 శాతం. అక్కడి దుకాణంలో పాలపెట్టె తీసుకుంటే ఫిన్నిష్‌తో పాటు స్వీడిష్ కూడా ఉంటుంది, చట్టప్రకారమే ఉంటుంది. తమిళనాడులో మన వంతు 5.87 శాతం, కర్ణాటకలో 5.84 శాతం. శాతంలో వారికన్న తక్కువ కాము, సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువ. కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ లేకుండా పొట్లపు సరుకు అమ్మడానికి సాధారణంగా వీలులేదు. ఆ దేశాల కంపెనీలేవీ నల్ల ప్లేటు ఖర్చుతో దివాళా తీయలేదు.

అంత దూరం ఎందుకు? బొమ్మసంద్రనే చూడండి. కర్ణాటక ప్రభుత్వం 2022 నాటి కన్నడ భాషా సమగ్రాభివృద్ధి చట్టం ఆధారంగా, రాష్ట్రంలో తయారయ్యే సరుకుల మీద పేరూ, వాడే విధానమూ ఇతర భాషలతోపాటు కన్నడంలోనూ ఉండాలని 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. నేను దానిని మనసారా సమర్థిస్తాను. ఆ గడ్డ మీద తయారైన వస్తువు ఆ గడ్డ భాష మాట్లాడాలి. కన్నడిగుల పట్టుదలను చూసి గొణుక్కోవడం మానేసి మనవారు నేర్చుకోవలసినది చాలా ఉన్నది. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలు ఇటువంటి చట్టం చేయాలి. అది ఢిల్లీ చేతిలో ఉన్నదని మంత్రులు తప్పించుకోవడానికి వీలులేదు. ప్రమాణాల నిర్ణయం తప్ప తక్కిన తూనికలు కొలతల విషయం 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోని 33ఎ పద్దుకు చేరింది. కేంద్ర నిబంధన మరో భాషను వద్దనలేదు కనుక, అదనంగా తెలుగు ఉండి తీరాలనే రాష్ట్ర చట్టం దానితో తగవుపడదని నా అభిప్రాయం. నెల్లూరులోనో నాచారంలోనో తయారైన సరుకు మీద తెలుగు తప్పనిసరి అయితే, ఆ సరుకు లారీ ఎక్కి హోసూరుకూ బళ్ళారికీ వచ్చినప్పుడు ఆ తెలుగు కూడా దానితోనే వస్తుంది. సరిహద్దు తెలుగువారికి రెండు రాష్ట్రాలు చేయగలిగిన మేలులో ఇంత చౌకైనది మరొకటి లేదు.

ఇప్పుడు మనవైపు చూసుకుందాం. పల్లెటూరి సరుకంటారని అన్న ఆ అచ్చుకూటం యజమాని మనవాడే. పెళ్ళిపత్రిక ఇంగ్లీషులో వేయించేది మనమే. మా చెల్లెలు కూడా మొదట, “అన్నా, ఒకవైపు ఇంగ్లీషు పెద్దదిగా వేసి తెలుగు వెనకవైపు చిన్నదిగా వేయిద్దామా?” అని అడిగింది. ఆమెను తప్పు పట్టలేను. బతకవలసిన మనిషి ముందు అమ్మకం సంగతి చూస్తుంది. చట్టం అడుగుతున్నది కనుక ఇంగ్లీషూ ఉన్నది, చిన్నమ్మ పట్టుబట్టింది కనుక ముందువైపు తెలుగూ ఉన్నది. ఆ లేబుళ్ళ రెండవ విడత ఇప్పుడు అచ్చులో ఉన్నది. సంతలో ఒక ముసలాయన సీసాను పైకెత్తి, వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కొని చదివి, తరువాత ధర అడిగాడని చెల్లెలు చెప్పింది. ఆయన కొనలేదట. బేరం కుదరలేదు. అయినా ఆ మాట చెబుతూ ఆమె మురిసిపోయింది.

కోర్టుకైనా కమిషనుకైనా కబుర్లతో పోలేము, రుజువులు కావాలి. రాజ్యాంగం 350బి అధికరణం కింద 1957లో ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయానికీ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకూ ఒక విన్నపం సిద్ధం చేస్తున్నాను. కీటకనాశినుల నిబంధనలోని ‘ఒకటి లేదా రెండు’ సూత్రాన్ని మందులకూ ఆహారానికీ విస్తరించాలనీ, భాషా అల్పసంఖ్యాకులు 15 శాతానికి మించిన చోట ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలో వేయాలని 1956 నుంచి ఉన్న ఒప్పుదలను విషపు సీసాలకూ వర్తింపజేయాలనీ అందులో కోరుతున్నాను. 350వ అధికరణం ప్రకారం దానిని తెలుగులోనే రాస్తున్నాను.

మీరు చేయవలసినది ఇది. ఈ నెలలో మీ ఇంట్లో వాడి పారవేసే పొట్లాలలో అయిదింటిని దాచండి. ఒకటి మందుది, ఒకటి పిల్లల తిండిది, ఒకటి వంటనూనెది, మిగిలిన రెండు మీ ఇష్టం. వ్యవసాయదారులైతే మందు సీసాలను ఇంట్లోకి తేవద్దు, పొలంలోనే కాగితంతో పట్టుకొని లేబులు ఫొటో తీసి, చేతులు కడుక్కోండి. ప్రతి దాని వెనక మీ ఊరు, తాలూకా, కొన్న తేదీ రాసి, దాని మీద తెలుగు అక్షరం ఉన్నదో లేదో ఒక ముక్కలో రాయండి. ఉన్నవాటిని కూడా పంపండి. మంచి చేసినవారి పేరు విన్నపంలో మొదట రాయడం న్యాయం. కవరు మీద ‘లేబుళ్ళ విన్నపం’ అని రాసి ఈ పత్రిక కార్యాలయానికి పంపితే నాకు చేరుతాయి.